ఖాళీ స్లాటుకే నా ఓటు: తక్కువ బడ్జెట్ గేమింగ్ పీసీ చరిత్ర

"ఇంత డబ్బులో గేమింగ్ పీసీ ఏది మంచిది?" అనే ప్రశ్న సాఫ్ట్‌వేర్ వాళ్ళందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. మనం జావా రాస్తామా, టెస్టింగ్ చేస్తామా, మేనేజర్లమై ఎక్సెల్ షీట్లు నింపుతామా అన్నది చుట్టాలకి అనవసరం. వాళ్ళ దృష్టిలో మనం కంప్యూటరు వాళ్ళం, అంతే. కాబట్టి కొనిపెట్టడం, బాగుచేయడం, ప్రింటరు పనిచేయకపోతే ఫోన్లో సలహా చెప్పడం, అన్నీ మన ఖాతాలోకే వస్తాయి :)

ఈ ప్రశ్నకి అందరూ చెప్పే జవాబు ఒక లిస్టు. ఫలానా ప్రాసెసరు, ఫలానా కార్డు, ఇంత ర్యామ్. ఆ లిస్టులతో వచ్చిన చిక్కేమిటంటే దసరాకి రాసింది ఉగాదికి పనికిరాదు. ధరలు మారతాయి, మోడళ్ళు మారతాయి. మారనిది ఒకటుంది. తక్కువ డబ్బుతో కొన్నవాళ్ళు ఎక్కడ లాభపడ్డారు, ఎక్కడ దెబ్బతిన్నారు అన్న చరిత్ర. పాతికేళ్ళుగా అదే కథ పేర్లు మార్చుకుని మళ్ళీ మళ్ళీ నడుస్తోంది. అందుకని ఈసారి లిస్టు కాకుండా చరిత్ర రాద్దామనిపించింది.

ఈసారి అడిగింది మా అక్క కొడుకు. అక్కావాళ్ళది తాడ్వాయి నుంచి మేడారం పోయే దారిలో ఒక ఊరు. మనం చదువుకునే రోజుల్లో అది వరంగల్ జిల్లా, 2019 నుంచి ములుగు జిల్లా. వాడు బీటెక్ చదువుతున్నాడు, ఆటలు ఆడతాడు, ఆటలు తయారుచేయడం కూడా నేర్చుకుంటున్నాడు. "మామా, 60 వేలల్ల అయిపోవాలె. మానిటర్ వద్దు, ఇంట్ల టీవీ ఉన్నది" అన్నాడు. ఆ 60 వేలు మిర్చి అమ్మిన డబ్బులు. మళ్ళీ పంట వచ్చేదాకా ఇంకో రూపాయి రాదు. వాడే ఒక లిస్టు కూడా పంపాడు. పైన పెద్ద ప్రాసెసరు, ఆ కింద రంగురంగుల లైట్ల ఫ్యాన్లున్న క్యాబినెట్, గ్రాఫిక్స్ కార్డు. చివర్లో రెండు లైన్లు: మదర్‌బోర్డు, ఎస్ఎంపీఎస్. వాటి పక్కన "ఏదో ఒకటి" అని రాసుంది.

నా దృష్టిలో ఈ కథంతా ఆ "ఏదో ఒకటి" దగ్గరే ఉంది.

మేడారం జాతరలో మొక్కు ఉన్నవాళ్ళు నిలువెత్తు బంగారం ఇస్తారు. అంటే తమ బరువుకి సరితూగే బెల్లం. తక్కెడలో ఎవరి బరువుకి వాళ్ళే తూగుతారు గానీ పక్కింటివాడి బరువుతో మొక్కు చెల్లించరు. బడ్జెట్ కూడా అంతే కదా. మాదాపూర్‌లో ఉండేవాడి లిస్టు మేడారం దారిలో ఉండేవాడికి సరిపోదు. ఎందుకు సరిపోదో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

విడిభాగాలు అసలెలా దొరికాయి?

ఇప్పుడు మనం ప్రాసెసరు ఒక కంపెనీది, బోర్డు ఒక కంపెనీది, ర్యామ్ ఇంకో కంపెనీది తెచ్చి కలుపుకోవడం సహజం అనుకుంటాం. నిజానికి కంప్యూటర్ల చరిత్రలో అది వింత. హైదరాబాదులో 1967లో ఈసీఐఎల్ మొదలైంది. దాన్ని నడిపించిన అయ్యగారి సాంబశివరావు గారి పేరు మీదే ఇప్పటి ఏఎస్ రావు నగర్ ఉంది. ఆ సంస్థ 1969లో టీడీసీ-12 అనే కంప్యూటరు తయారుచేసింది. గర్వపడాల్సిన సంగతే. కానీ దాన్నెవరూ ఇంట్లో పెట్టుకోలేరు, సగం అక్కడ సగం ఇక్కడ కొని తగిలించుకోలేరు. ఆ రోజుల్లో ఏ దేశపు కంప్యూటరైనా అంతే. డబ్బా మొత్తం ఒకరిదే, రిపేరు కూడా వాళ్ళదే.

ఆ పద్ధతిని మార్చింది 1981 ఆగస్టులో వచ్చిన ఐబీఎం పీసీ. త్వరగా మార్కెట్లోకి రావాలని ఐబీఎం బయట దొరికే భాగాలతోనే దాన్ని కట్టింది, సర్క్యూట్ వివరాలు కూడా పుస్తకంగా అమ్మింది. మిగిలిన తాళం ఒక్కటే, బయాస్. కాంపాక్ 1982లో దాన్ని కాపీ కొట్టకుండా, అదే పని చేసే సొంత బయాస్ రాయించుకుని మొదటి క్లోన్లలో ఒకటి ప్రకటించింది. 1984లో ఫీనిక్స్ కంపెనీ అలాంటి బయాస్‌ని ఎవరు కొనుక్కుంటే వాళ్ళకి అమ్మడం మొదలుపెట్టింది. దాంతో తైవాన్‌లో బోర్డులు చేసేవాళ్ళు పుట్టుకొచ్చారు. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ ప్రమాణం తెచ్చాక బోర్డులో స్క్రూల చోటు, క్యాబినెట్ కొలత, ఎస్ఎంపీఎస్ సైజు అన్నీ ఒక పద్ధతిలోకి వచ్చాయి. ఇవాళ సికింద్రాబాద్‌లో కొన్న ఎస్ఎంపీఎస్ హనుమకొండలో కొన్న క్యాబినెట్లో సరిగ్గా కూర్చుంటోందంటే దానివల్లే.

ఇక మన దేశంలో అడ్డంకి సుంకాలు. 1984 నవంబరులో రాజీవ్ గాంధీ ప్రభుత్వం కొత్త కంప్యూటర్ విధానం ప్రకటించి దిగుమతుల్ని కొంత సడలించింది. 1991 సంస్కరణల తర్వాత ఇంకొంత. 1997లో భారత్ ప్రపంచ వాణిజ్య సంస్థ వారి ఐటీ ఒప్పందంలో చేరింది. ఆ ప్రకారం కంప్యూటర్ వస్తువుల మీద కస్టమ్స్ సుంకం మెట్టుమెట్టుగా తగ్గి 2005 నాటికి సున్నా అయింది. 1998 నవంబరులో వాజ్‌పేయి గారు సైబర్ టవర్స్ ప్రారంభించే సమయానికి హైదరాబాదు మధ్యతరగతి ఇళ్ళల్లోకి కంప్యూటరు అడుగుపెట్టడానికి దారి సిద్ధమైంది. ఆ దారి పేరు "అసెంబుల్డ్". బ్రాండెడ్ కావాలంటే హెచ్‌సీఎల్, విప్రో, జెనిత్ ఉండేవి గానీ మన జీతాలకి అందేవి కావు.

ఢిల్లీకి నెహ్రూ ప్లేస్, బెంగుళూరుకి ఎస్పీ రోడ్డు, చెన్నైకి రిచీ స్ట్రీట్ ఎలాగో మనకి సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ అలా. సీటీసీ అంటే చాలు. జిల్లాల నుంచి పొద్దున్నే బయల్దేరి వచ్చి, నాలుగు షాపుల్లో కొటేషన్లు రాయించుకుని, మధ్యాహ్నం దాకా బేరాలాడి, సాయంత్రానికి మానిటర్ అట్టపెట్టెని బస్సులో ఒళ్ళో పెట్టుకుని ఇంటికి చేరినవాళ్ళు ఈ టపా చదివేవాళ్ళలోనే ఎంతమంది ఉన్నారో! ఇంట్లో చెప్పింది "చదువుకోడానికి". రాత్రి పన్నెండింటికి నడిచింది రోడ్‌ర్యాష్, ఏజ్ ఆఫ్ ఎంపైర్స్, కౌంటర్ స్ట్రైక్. ఏదీ అబద్ధం కాదు లెండి. రెండూ నిజమే.

కొటేషన్ కాగితంలో కనపడని లైను

ఆ కొటేషన్ కాగితాలు గుర్తున్నాయా? మొదటి లైను ప్రాసెసరు, ఎన్ని మెగాహెర్ట్‌జ్ అన్నది పెద్ద అక్షరాలతో. తర్వాత ర్యామ్, హార్డ్ డిస్క్, మానిటరు. మదర్‌బోర్డు దగ్గరికొచ్చేసరికి "ఇంటెల్ చిప్‌సెట్" అని రాసి వదిలేసేవారు. అడిగేవాళ్ళూ తక్కువే. అప్పట్లో ఆటలాడేవాడి తలరాతంతా ఆ లైన్లోనే ఉండేది.

రెండు ఉదాహరణలు చెప్తాను.

1998 ఏప్రిల్‌లో ఇంటెల్ 440బీఎక్స్ అనే చిప్‌సెట్ తెచ్చింది. 100 మెగాహెర్ట్‌జ్ బస్సు, గ్రాఫిక్స్ కార్డు కోసం ఏజీపీ స్లాటు. అదే ఏడాది ఆగస్టులో చవకరకం ప్రాసెసరుగా సెలెరాన్ 300ఏ వచ్చింది. లోపల 4.5 గుణకం, బయట 66 మెగాహెర్ట్‌జ్ బస్సు, మొత్తం 300. ఈ చవక ప్రాసెసరుని మంచి బీఎక్స్ బోర్డులో పెట్టి బస్సుని 100కి మార్చితే 450 మెగాహెర్ట్‌జ్ అయ్యేది, చాలా చిప్పులు ఆ వేగంలో నిక్షేపంగా నడిచేవి. దాదాపు అదే సమయానికి వచ్చిన పెంటియం-2 450 ధర దానికి కొన్ని రెట్లు. ఆటల్లో తేడా మాత్రం పెద్దగా ఉండేది కాదు. ప్రపంచమంతటా బీద గేమర్లు పండగ చేసుకున్నారు. అన్నట్టు, ఆ బీఎక్స్ బోర్డుల్లో చాలావాటిలో తర్వాతి కాలపు పెంటియం-3లు కూడా పట్టాయి. అంటే ప్రాసెసరు దగ్గర తగ్గించి బోర్డు దగ్గర తగ్గించనివాడు రెండుసార్లు గెలిచాడు.

రెండోది 1999లో వచ్చిన ఇంటెల్ 810. ఇందులో గ్రాఫిక్స్ చిప్‌సెట్‌లోనే ఉంటుంది. చవక. షాపువాడికి సుఖం, కొనేవాడికి కొటేషన్లో ఒక లైను మిగులు. వర్డ్, ఎక్సెల్, టర్బో సీ, ఎంపీత్రీ పాటలు, అన్నింటికీ బాగానే ఉండేది. లేనిదల్లా ఏజీపీ స్లాటు. అంటే రెండేళ్ళ తర్వాత డబ్బులు చేతికొచ్చి గ్రాఫిక్స్ కార్డు పెట్టుకుందామంటే పెట్టే చోటే లేదు. పాత పీసీఐ స్లాటుకి పట్టే కార్డులు ఉండేవి గానీ అవి దొరకడం కష్టం, వేగం అంతంతమాత్రం. 2003లో పీసీ మీదికి జీటీఏ వైస్ సిటీ వచ్చినప్పుడు పెంటియం-3 ఉన్నవాడు కూడా 810 బోర్డు మీద నత్తనడక చూడాల్సి వచ్చింది. ఇంటెల్ 2000లోనే 815లో ఏజీపీ స్లాటు ఇచ్చింది. కొన్న రోజున ఈ రెండు బోర్డుల మధ్య తేడా మొత్తం కంప్యూటరు ఖర్చులో చాలా చిన్న భాగం. ఆ చిన్న తేడాయే కొత్త కార్డు పెట్టాలా, కొత్త కంప్యూటరే కొనాలా అన్నది నిర్ణయించింది.

కాబట్టి నా మొదటి సూత్రం: తర్వాత మార్చుకోగలిగిన దాంట్లో తగ్గించు, మార్చుకోలేని దాంట్లో తగ్గించకు. ఖాళీగా ఉన్న స్లాటు ఖర్చు కాదు, రేపటికి దాచుకున్న డబ్బు.

పేరు ఒకటి, సరుకు ఒకటి

చరిత్రలో రెండో పాఠం పేర్లు. 1999లో ఎన్విడియా రీవా టీఎన్‌టీ2 బాగా పేరు తెచ్చుకుంది. దాని వెనకే టీఎన్‌టీ2 ఎం64 వచ్చింది. మెమరీ దారిని 128 బిట్ల నుంచి 64కి సగం చేసి చవగ్గా ఇచ్చారు. మన దగ్గర "టీఎన్‌టీ2 ఉంది సార్" అంటే చాలాసార్లు చేతికొచ్చేది ఈ ఎం64. 2002 ఫిబ్రవరిలో జీఫోర్స్4 ఎంఎక్స్ 440 వచ్చింది. పేరులో నాలుగు ఉంది గానీ అంతకు ముందు ఏడాదే జీఫోర్స్3లో వచ్చిన షేడర్లు ఇందులో లేవు. లోపలంతా జీఫోర్స్2 కుటుంబం. తీరా 2003 చివర్లో డ్యూస్ ఎక్స్ ఇన్విజిబుల్ వార్, ప్రిన్స్ ఆఫ్ పర్షియా శాండ్స్ ఆఫ్ టైమ్ లాంటి ఆటలు ఈ కార్డుని ఒప్పుకోలేదు. నాలుగో నంబరు కార్డు కొన్నవాడికి కుదరలేదు, మూడో నంబరు కొన్నవాడికి కుదిరింది!

ఇదేదో పాతకాలపు మాయ అనుకుంటే పొరపాటు. 2016లో జీటీఎక్స్ 1060 రెండు రకాలుగా వచ్చింది, 6 జీబీ ఒకటి, 3 జీబీ ఒకటి. తేడా మెమరీ మాత్రమే అని పేరు చూస్తే అనిపిస్తుంది. కానీ 3 జీబీ దాంట్లో లోపలి కోర్లు కూడా 1280 కాదు, 1152. 2018లో జీటీ 1030ని చడీచప్పుడు లేకుండా నెమ్మదైన డీడీఆర్4 మెమరీతో కూడా అమ్మారు, పేరు మాత్రం అదే. 2022లో ఎన్విడియా 4080 అనే పేరుతో రెండు వేర్వేరు చిప్పులు ప్రకటించి, జనం గోల చేశాక 12 జీబీ దాన్ని విడుదలకి ముందే వెనక్కి తీసుకుంది. ఆ గోల చేసినవాళ్ళకి మనం రుణపడి ఉండాలి.

ఇందులో ఏఎండీ కూడా తక్కువ తినలేదు. 2022 జనవరిలో రేడియాన్ ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ అనే చవక కార్డు వచ్చింది. 4 జీబీ మెమరీ, బోర్డుతో మాట్లాడుకోడానికి నాలుగు పీసీఐ ఎక్స్‌ప్రెస్ లేన్లు మాత్రమే. నాలుగో తరం బోర్డులో పెడితే పర్లేదు. మూడో తరం బోర్డులో పెడితే దారి సగమైపోయి చాలా ఆటల్లో వేగం పడిపోయింది. మరి చవక కార్డు కోసం చూసేది ఎవరు? పాత బోర్డు ఉన్నవాళ్ళే కదా! ఎవరి కోసం చేశారో వాళ్ళకే సరిగ్గా పనిచేయని వస్తువు అది.

అందుకే రెండో సూత్రం: పేరు కొనొద్దు, పేరు కింద ఉన్న మూడు అంకెలు చదువు. మెమరీ ఎంత, మెమరీ దారి ఎన్ని బిట్లు, బోర్డుతో ఎన్ని లేన్లు. దుకాణంలో నిలబడి ఫోన్లో చూసుకోడానికి రెండు నిమిషాల పని.

కరెంటు సంగతి

లైట్ల క్యాబినెట్ గురించి నాకేం పగ లేదు. కానీ అసెంబుల్డ్ చరిత్రలో ఎక్కువ కంప్యూటర్లని చంపింది క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చిన ఎస్ఎంపీఎస్ అని నా అభిప్రాయం. డబ్బా మీద 450 వాట్లు అని ఉంటుంది. గ్రాఫిక్స్ కార్డుకీ ప్రాసెసరుకీ కావాల్సింది 12 వోల్టుల లైను. దాని మీద ఎన్ని ఆంపియర్లు ఇస్తుందో స్టిక్కరు మీద చిన్న అక్షరాల్లో చూస్తే అసలు రంగు బయటపడుతుంది. ఎర్తింగ్ లేని ఇళ్ళల్లో క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమనడం మనందరికీ తెలిసిందే. దాన్ని మామూలే అనుకుని పక్కన చెక్కబల్ల మీద చెయ్యి పెట్టుకుని ఆడుకున్న తరం మనది.

దీనికి తోడు 1999 నుంచి ఓ ఎనిమిదేళ్ళ పాటు ప్రపంచమంతా కెపాసిటర్ల జబ్బు ఒకటి నడిచింది. లోపల ద్రావణం సరిగా లేని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు చాలా కంపెనీల బోర్డుల్లోకి చేరాయి. ఒకటి రెండేళ్ళకి వాటి నెత్తి ఉబ్బి, గోధుమరంగు జిగురు కారి, కంప్యూటరు దానంతటదే రీస్టార్ట్ అవుతుండేది. ఎంతోమంది దాన్ని వైరస్ అనుకుని విండోస్ మళ్ళీ మళ్ళీ ఎక్కించుకున్నారు. తెలిసిన మెకానిక్ ఉన్న ఊళ్ళో ఆ కెపాసిటర్లు పీకి కొత్తవి అతికించి మళ్ళీ నడిపించారు. భాగాలు బయటికి కనపడుతూ, ఊడదీయడానికి వీలుగా ఉండబట్టే అది సాధ్యమైంది.

ఇక్కడే మాదాపూర్‌కీ మేడారానికీ తేడా. మాదాపూర్‌లో ఎస్ఎంపీఎస్ పోతే ఆర్డరిస్తే రేపటికి ఇంకోటి వస్తుంది. అక్కావాళ్ళ ఊరు అడవి మధ్యలో ఉంది. గాలివాన వస్తే చెట్టు కొమ్మ తీగల మీద పడి గంటల కొద్దీ కరెంటు ఉండదు, వచ్చినప్పుడు ఎంత వోల్టేజితో వస్తుందో తెలియదు. వరంగల్ సుమారు 100 కిలోమీటర్లు. జాతర రోజుల్లో అయితే ఆ రోడ్డు మీద బండి కదలడమే గగనం. అక్కడ ఎస్ఎంపీఎస్ మీద ఆదా చేయడమంటే వెయ్యో రెండు వేలో మిగుల్చుకుని 60 వేలు పణం పెట్టడం. మిర్చి డబ్బులకి వారంటీ కార్డు ఉండదు.

అందుకే వాడితో ఒక్కటే ప్రశ్న అడిగాను. "ఇది ఖరాబైతే ఏడికి పోతవ్‌రా?"

"హన్మకొండకు పోవాలె మామా."

"మరి హన్మకొండ షాపుల దొరికే సైజేనా అది?"

అప్పుడు చూసుకున్నాడు. వాడి లిస్టుకి పోటీగా వాడి దోస్తు చూపించిన బ్రాండెడ్ గేమింగ్ డబ్బాలో ఎస్ఎంపీఎస్ కంపెనీ సొంత సైజు, బోర్డు సొంత సైజు, కరెంటు కనెక్టరు కూడా సొంతం. పోతే ఆ కంపెనీ దగ్గరికే పోవాలి. 1981కి ముందు కాలానికి పోవడం లాంటిది ఇది. ఏటీఎక్స్ క్యాబినెట్, ఏటీఎక్స్ బోర్డు, మామూలు సైజు ఎస్ఎంపీఎస్ ఉంటే ఏది పోయినా ఏ ఊరి షాపులోనైనా దొరుకుతుంది. ఊరు ఎంత దూరమైతే ప్రమాణాలు అంత ముఖ్యం. ఈ మాట బెంచ్‌మార్కుల పట్టికల్లో కనపడదు.

ధర పెరిగిన రోజున

ఇంకో సంగతి. విడిభాగాల ధరలు ఎప్పుడూ తగ్గుతూ పోతాయని మనకో నమ్మకం. చరిత్ర అలా చెప్పదు. 1999 సెప్టెంబరు 21న తైవాన్‌లో భూకంపం వచ్చింది, ర్యామ్ ధరలు ఎగబాకాయి. 2011లో థాయిలాండ్‌లో వరదలొచ్చి ఫ్యాక్టరీలు మునిగితే హార్డ్ డిస్కుల ధరలు రెట్టింపు దాకా వెళ్ళాయి. 2017–18లో, మళ్ళీ 2020 నుంచి 2022 దాకా క్రిప్టో తవ్వకాలవాళ్ళు గ్రాఫిక్స్ కార్డుల్ని ఊడ్చేశారు. 2022 సెప్టెంబరులో ఇథీరియమ్ ఆ పద్ధతి మానేశాక గానీ ఊపిరాడలేదు. 2025 చివర్లో ర్యామ్ వంతు వచ్చింది. మెమరీ కంపెనీలు ఏఐ డేటా సెంటర్ల వైపు తిరిగాయి. డిసెంబరులో మైక్రాన్ మనలాంటివాళ్ళు కొనుక్కునే క్రూషియల్ బ్రాండు వ్యాపారాన్నే ఆపేస్తున్నట్టు ప్రకటించింది.

ఈ ప్రతి గండంలోనూ బతికి బట్టకట్టింది ఎవరు? ఖాళీ స్లాటు ఉన్నవాళ్ళే. ర్యామ్ మండిపోతున్నప్పుడు సగం ర్యామ్‌తో నడిపి ఏడాది తర్వాత రెండో స్టిక్కు పెట్టుకున్నవాడు. కార్డులు మండిపోతున్నప్పుడు ప్రాసెసరులోనే ఉన్న గ్రాఫిక్స్‌తో వాలరెంట్ ఆడుకుంటూ, రేట్లు దిగాక కార్డు పెట్టుకున్నవాడు. భాగాల్ని విడివిడిగా కొనుక్కోవడంలో అసలు లాభం చవకదనం కాదు. ఒక్కో భాగాన్ని ఒక్కో సమయంలో కొనగలగడం. లాప్‌టాప్‌లో అంతా ఒకే రోజు ధరకి కొనాల్సిందే.

స్లాటు ఖాళీగా ఉంటే చాలదు, అందులో పట్టేది రేపు కూడా తయారవ్వాలి. దీనికి మంచి ఉదాహరణ ఏఎండీ ఏఎం4 సాకెట్. 2017లో రైజెన్ మొదటి తరం కోసం కొన్న చాలా బోర్డుల్లో, బయాస్ మార్చుకుంటే, 2022 ఏప్రిల్‌లో వచ్చిన 5800ఎక్స్3డీ పట్టింది. ఐదేళ్ళు! అయితే ఇది ఊరికే రాలేదు. 2020 మేలో ఏఎండీ పాత బోర్డులకి కొత్త తరం ఇవ్వమని చెప్పింది. వాడకందార్లు గొడవ చేస్తే కొద్దిరోజుల్లోనే 400 సిరీస్ బోర్డుల విషయంలో మాట మార్చుకుంది, 300 సిరీస్‌కి 2022 దాకా ఆగాల్సి వచ్చింది. ఇంటెల్ దగ్గర 2017లోనే 8వ తరం ప్రాసెసర్లు అదే 1151 పిన్నుల సాకెట్‌తో వచ్చి కూడా అంతకు ముందరి బోర్డుల్లో పనిచేయలేదు. కొత్త బోర్డు కొనాల్సిందే. పిన్నులు సరిపోతే సరిపోదు, కంపెనీ మనసు కూడా సరిపోవాలి!

మరి లిస్టు?

సరే, చరిత్ర చాలు, వాడికి ఏం చెప్పానో కూడా చెప్పాలి కదా. మోడల్ పేర్లు కాదు, వరస చెప్పాను.

ముందు ఎస్ఎంపీఎస్. 12 వోల్టుల లైను మీద నిజమైన సామర్థ్యం, కనీసం ఐదేళ్ళ వారంటీ, అది కూడా మన దేశంలో చెల్లే వారంటీ. 2004లో మొదలైన 80 ప్లస్ ముద్ర ఉంటే మంచిదే. కానీ అది కరెంటు ఎంత వృథా కాకుండా వాడుతుందో చెప్తుంది గానీ ఎన్నాళ్ళు బతుకుతుందో చెప్పదు. దానికి తోడు ఒక చిన్న యూపీఎస్, గోడకి సరైన ఎర్తింగ్. రెండోది బోర్డు. నాలుగు ర్యామ్ స్లాట్లు కుదిరితే నాలుగు, ఎస్ఎస్‌డీ పెట్టే ఎం.2 చోట్లు రెండు, ముందు ముందు ఇంకో ప్రాసెసరు పట్టే సాకెట్. మూడోది గ్రాఫిక్స్ కార్డు. మిగిలిన డబ్బులో పెద్ద వాటా దానికే, ఎందుకంటే ఆటల్లో కంటికి కనపడే తేడా అక్కడే. ఆ తర్వాత ప్రాసెసరు, మధ్యరకం చాలు, రేపు మార్చుకోవచ్చు. అన్నిటికంటే చివర క్యాబినెట్. గాలి ఆడితే చాలు.

60 వేలల్లో మంచి కార్డు అందకపోతే ఏం చేయాలి? ఏదో ఒక కార్డు కొనేయడం కంటే గ్రాఫిక్స్ లోపలే ఉన్న ప్రాసెసరుతో మొదలుపెట్టడం నయం. 1999 నాటి 810కి దీనికి తేడా ఏమిటంటే ఇప్పుడు కార్డు స్లాటు కూడా ఉంటుంది. కానీ ఇందులోనూ చిన్న అక్షరాలున్నాయి. ఉదాహరణకి రైజెన్ 5 8500జీ గ్రాఫిక్స్ కార్డుకి నాలుగు లేన్లే ఇస్తుంది, 8600జీ ఎనిమిది ఇస్తుంది. పేరులో తేడా ఒక్క అంకె, రేపటి కార్డుకి దారి సగానికి సగం. ఇంకో మాట. లోపలి గ్రాఫిక్స్‌తో ఆడేటప్పుడు మాత్రం ర్యామ్ ఒక స్టిక్కు కాకుండా రెండుండాలి, ఎందుకంటే అది ర్యామ్‌నే తన మెమరీగా వాడుకుంటుంది. ఖాళీ స్లాటు సూత్రానికి ఇదొక్కటే మినహాయింపు. నాలుగు స్లాట్ల బోర్డు తీసుకుంటే ఆ ఇబ్బందీ లేదు.

దీనికి ఒక ఎదురు వాదన ఉంది, అది న్యాయమైనదే. "ఖాళీ స్లాట్లు అంటారు గానీ చాలామంది ఎప్పుడూ నింపరు, నాలుగేళ్ళకి మొత్తం మార్చేస్తారు" అని. నిజమే, జీతం నెలనెలా వచ్చే మనలాంటివాళ్ళం అలాగే చేస్తాం. మనకి ఖాళీ స్లాటు అలంకారమే. కానీ నింపేవాళ్ళెవరో చూడండి. ఏడాదికి ఒకసారి డబ్బు చూసేవాళ్ళు. పంటకి ఒక భాగం కొనేవాళ్ళు. వాళ్ళకి ఆ స్లాటు లేకపోతే రెండో అవకాశమే లేదు. సలహా ఇచ్చేటప్పుడు మన అలవాటుని వాళ్ళ మీద రుద్దకూడదని నా అభిప్రాయం.

అసెంబుల్డ్ కంప్యూటరు మన తెలుగువాళ్ళకి ఇచ్చింది కేవలం చవక ఆటలు కాదని కూడా నేననుకుంటాను. మూత విప్పి చూసే ధైర్యం ఇచ్చింది. జంపర్ మార్చడం, ర్యామ్ పీకి రబ్బరుతో తుడిచి మళ్ళీ పెట్టడం, బీప్ శబ్దాలు లెక్కపెట్టి ఏది పోయిందో పట్టుకోవడం. అమీర్‌పేట కోర్సుల్లో చేరకముందే చాలామందికి కంప్యూటరంటే భయం పోయింది ఈ పనులతోనే. ఇప్పుడు మెమరీ బోర్డుకే అతికించిన లాప్‌టాపులు, తెరిస్తే వారంటీ పోతుందనే స్టిక్కర్లు చూస్తుంటే ఆ తలుపు మెల్లగా మూసుకుంటోందేమో అనిపిస్తుంది. ఐబీఎం తొందరలో తెరిచి పెట్టిన తలుపు అది. తెరిచి ఉన్నంతకాలం పల్లెలో ఉన్న పిల్లవాడు కూడా తన బరువుకి తగ్గ కంప్యూటరు తనే తూచుకుని కట్టుకోగలడు.

కాబట్టి రేపు మీ చుట్టాల్లో ఎవరైనా ఈ ప్రశ్న అడిగితే లిస్టు పంపేముందు రెండు ప్రశ్నలు మీరు అడగండి. ఇది పాడైతే ఎంత దూరం వెళ్ళాలి? రెండేళ్ళ తర్వాత చేతికి పదివేలొస్తే ఇందులో ఏం పెట్టుకోవచ్చు? ఈ రెంటికీ జవాబు ఉన్న కంప్యూటరు ఏదైనా సరే, కళ్ళు మూసుకుని కొనుక్కోమనండి. జవాబు లేనిది ఎన్ని ఫ్రేములు చూపించినా, ఎన్ని లైట్లు వెలిగినా, అది కొన్న రోజుకే పాతది.